లెవెల్ తగ్గని కారే ఎక్కువ టెన్షన్ పెట్టింది: ఒకే ఇంజిన్, రెండు కార్లు, మూడు ఆయిల్స్

"మా కారు ఆయిల్ తాగుతోంది సార్. ఇదే మోడల్ మా తమ్ముడి దగ్గరా ఉంది. ఇద్దరం ఒకే ఆయిల్ పోయిస్తాం. వాడిదేమో చుక్క కూడా తగ్గదు."

ఈ కేసు ఈ మాటతో మొదలైంది. కారు వయసు నాలుగేళ్లు, తిరిగింది 84,000 కిలోమీటర్లు. నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది), సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, పట్టేది నాలుగున్నర లీటర్లు. ఆవిడ రోజూ హైవే మీద దూరం వెళ్లొస్తారు. 2,500 కిలోమీటర్లకు లీటరుకు కొంచెం తక్కువగా ఆయిల్ పోయాల్సి వస్తోంది. అంతకుముందు చూపించిన చోట రింగులు పోయాయి, ఇంజిన్ విప్పాలి అన్నారట. విప్పే ముందు ఇంకొకరి మాట కూడా విందామని నా దగ్గరికి వచ్చారు.

ముందుగా మామూలు పరీక్షలన్నీ చేశాను. బయటికి లీకు ఎక్కడా లేదు. స్టార్ట్ చేసినప్పుడు గానీ, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు గానీ నీలం పొగ లేదు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ సమానంగా ఉంది. సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత జారిపోతోందో చూసే లీక్‌డౌన్ పరీక్షలో 8 నుంచి 11 శాతం మధ్య వచ్చింది. ఇన్ని కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్‌కు అది మంచి ఫలితమే. రింగులు పోయిన ఇంజిన్ ఇలా ఉండదు. మరి ఆయిల్ ఎటు పోతోంది?

ఆవిడ పోయిస్తున్న ఆయిల్‌ను ఇక్కడ మొదటి ఆయిల్ అంటాను. డబ్బా మీద 'ఫుల్లీ సింథటిక్ 0డబ్ల్యూ-20' అని ఉంది (ఈ గ్రేడులో మొదటి అంకె చలిలో, రెండోది వేడిలో ఆయిల్ మందాన్ని చెబుతుంది). కంపెనీ డేటా షీట్‌లో నోయాక్ విలువ 13.4 శాతం. కొత్త డబ్బా ఒకటి ల్యాబ్‌కు పంపితే 13.9 వచ్చింది. అంటే షీట్ అబద్ధం చెప్పలేదు.

నోయాక్ అంటే ఆయిల్ ఎంత తేలిగ్గా ఆవిరైపోతుందో చెప్పే పరీక్ష. ఏఎస్‌టీఎం డి5800 పద్ధతిలో 65 గ్రాముల ఆయిల్‌ను 250 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటసేపు ఉంచి, పైనుంచి సన్నగా గాలి లాగుతూ, చివర్లో ఎంత బరువు తగ్గిందో చూస్తారు. 13.9 శాతం అంటే వందలో దాదాపు పద్నాలుగు గ్రాములు గంటలో గాల్లో కలిసిపోయాయన్న మాట. సంప్‌లో ఆయిల్ వేడి హైవే మీద కూడా 100, 110 డిగ్రీల దగ్గరే ఉంటుంది కదా, 250 ఎందుకు అని చాలామంది అడుగుతారు. సంప్ సంగతి వేరు. పిస్టన్ పై రింగు గాడిలో, సిలిండర్ గోడ పైభాగాన పల్చటి పొరలా అంటుకున్న ఆయిల్ చూసే వేడి 200 డిగ్రీలు దాటుతుంది. ఇంజిన్ ఆపిన తర్వాత టర్బో షాఫ్ట్ దగ్గర నిలిచిన ఆయిల్ ఇంకా ఎక్కువ వేడి చూస్తుంది. ఆ పొరలో ఉన్నది కొద్దిపాటి ఆయిలే. కానీ నిమిషానికి వేలసార్లు అక్కడ కొత్త పొర పడుతూనే ఉంటుంది.

ప్రమాణాలు కాలంతో పాటు బిగుసుకున్నాయి. పెట్రోల్ కార్ల ఆయిల్స్‌కు వర్తించే ఇల్సాక్ ప్రమాణం జీఎఫ్-2గా ఉన్న రోజుల్లో నోయాక్ 22 శాతం దాకా ఒప్పుకునేవారు. 2001లో జీఎఫ్-3తో అది 15కి దిగింది. జీఎఫ్-6లోనూ పరిమితి అదే. యూరప్ ఏసీఈఏ ప్రమాణాల్లో ఏ3/బీ4, సీ3 ఆయిల్స్‌కు గరిష్ఠం 13. మెర్సిడెస్ 229.5 అనుమతి కావాలంటే 10 దాటకూడదు. కాబట్టి మన మొదటి ఆయిల్ రూల్ ప్రకారం పాసే, కాకపోతే గీతకు దగ్గరగా పాస్.

ఇక్కడే తొందరపడి "ఆయిల్ మార్చండి, నోయాక్ తక్కువది పోయండి" అని పంపేయడం తేలిక. నాకది నచ్చదు. ఆయిల్ ఇంజిన్‌లోంచి రెండు రకాలుగా పోతుంది. ఆవిరై పోవచ్చు, లేదా తుంపరగా, చుక్కగా, అంటే ద్రవంగానే పోవచ్చు. నోయాక్ చెప్పేది మొదటిదాని గురించి మాత్రమే. ఏది ఎంత పోతోందో తెలియకుండా ఆయిల్ మారిస్తే, ఫలితం వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు. రాకపోతే మళ్లీ నింద రింగుల మీద పడుతుంది.

అందుకని ఆవిడను ఒక్కటే అడిగాను: నాలుగు విడతలు, ఒక్కోటి 5,000 కిలోమీటర్లు, ఒక్కో విడతకు ఒక్క మార్పు మాత్రమే. ఆవిడ ఒప్పుకున్నారు. ఇంత ఓపిక ఉన్న ఓనర్ దొరకడం అరుదు, ఈ కేసు రాయడానికి ముఖ్య కారణం కూడా అదే.

ఎలా కొలిచాను

లీటర్లలో కొలవలేదు. ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది, డబ్బా అడుగున కొంత మిగిలిపోతుంది. బరువు మాత్రం మారదు. పోసింది, మధ్యలో కలిపింది, చివర్లో దించింది అన్నీ గ్రాముల త్రాసు మీదే తూచాను. ఎంత జాగ్రత్తగా దించినా ఇంజిన్ లోపల కొంత ఆయిల్ ఉండిపోతుంది. కాబట్టి ప్రతిసారీ ఒకే పద్ధతి: ఇంజిన్ పూర్తిగా వేడయ్యాక, అదే లిఫ్ట్ మీద, 40 నిమిషాలు కారనివ్వడం, పాత ఫిల్టర్‌ను బోర్లించి కార్చడం. లోపల మిగిలేది ఎప్పుడూ ఇంచుమించు ఒకేలా ఉంటే లెక్కలో అది కొట్టుకుపోతుంది. ఇంత చేసినా 40 గ్రాములు అటూ ఇటూ తేడా ఉంటుందనుకోవాలి.

మొదటిసారి నింపేటప్పుడు ఆఖరి లీటరును 100 మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ ఆగి డిప్‌స్టిక్ మీద ఎక్కడికి వచ్చిందో రాసుకున్నాను. దాంతో ఆవిడ వారానికోసారి ఇంటి దగ్గర, చల్లటి ఇంజిన్ మీద, అదే సమతలం నేల మీద తీసిన రీడింగులను గ్రాముల్లోకి మార్చుకోగలిగాను. పెద్ద ఖచ్చితత్వం రాదు. అయినా ఏ దశలో వేగంగా తగ్గింది, ఏ దశలో నెమ్మదించింది అన్నది తెలుస్తుంది. తర్వాత చూస్తారు, ఆ సంగతి చాలా ముఖ్యం.

మూడోది కాల్షియం. ఇంజిన్ ఆయిల్‌లో డిటర్జెంట్‌గా కలిపే కాల్షియం సమ్మేళనాలు ఆవిరి కావు. ఆయిల్ ఆవిరైతే కాల్షియం వెనకే ఉండిపోయి, మిగిలిన ఆయిల్‌లో దాని సాంద్రత పెరుగుతుంది. ఆయిల్ తుంపరగా పోతే కాల్షియం కూడా దాంతోనే పోతుంది, సాంద్రత మారదు. ఉప్పునీళ్లు ఎండకు ఇగిరిపోవడానికీ, గిన్నెకు చిల్లుపడి కారిపోవడానికీ ఉన్న తేడా ఇదే. ఫాస్ఫరస్‌తోనూ ఈ లెక్క వేయొచ్చు అనిపిస్తుంది కానీ వేయకూడదు. అరుగుదల తగ్గించడానికి కలిపే జింక్ యాంటీవేర్ నుంచి వచ్చే ఫాస్ఫరస్‌లో కొంత భాగం ఆవిరవుతుంది. అది ఎగ్జాస్ట్‌లోకి చేరి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుందనే 0డబ్ల్యూ-20 లాంటి ఆయిల్స్‌లో దాన్ని 800 పీపీఎంకు, అంటే పది లక్షల్లో 800 భాగాలకు, కట్టడి చేశారు.

కొత్త ఆయిల్‌నూ వాడిన ఆయిల్‌నూ ఒకే ల్యాబ్‌లో, ఒకే బ్యాచ్‌లో, మూడేసిసార్లు నడిపించాను. అలా చేయకపోతే పరీక్షలో ఉండే సహజమైన ఊగిసలాటే మన ఫలితాన్ని మింగేస్తుంది.

మొదటి విడత: ఏమీ మార్చకుండా

మొదటి ఆయిల్ 3,800 గ్రాములు పోశాం. 5,000 కిలోమీటర్లలో మధ్య మధ్య 1,210 గ్రాములు కలిపాం. దించినప్పుడు వచ్చింది 3,560. అంటే పోయింది 1,450 గ్రాములు. ఆవిడ చెప్పిన లెక్క సరిగ్గానే ఉంది.

డిప్‌స్టిక్ రీడింగుల ప్రకారం మొదటి 2,000 కిలోమీటర్లలో దాదాపు 600 గ్రాములు, తర్వాతి 3,000లో దాదాపు 850. అంటే వేగం ఇంచుమించు ఒకేలా ఉంది. ఇది చూడగానే నాకు అనుమానం వచ్చింది. ఆయిల్‌లో ఉండే అణువులన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. తేలికైనవి ముందు పోతాయి, బరువైనవి ఉండిపోతాయి. కాబట్టి ఆవిరి నష్టం మొదట్లో ఎక్కువగా ఉండి, పోనుపోను తగ్గాలి. ఏకవేగంతో పోతోందంటే ఎక్కువ భాగం ద్రవంగా పోతోందన్న మాట.

కాల్షియం కూడా అదే చెప్పింది. కొత్త ఆయిల్‌లో 1,240 పీపీఎం, దించినదాంట్లో 1,330. పోయిన 1,450 గ్రాములూ ఆవిరిగానే పోయి ఉంటే 1,745 చూపించాలి. వెనక్కి లెక్కేస్తే దాదాపు 1,170 గ్రాములు ద్రవంగా, మిగతా 280 ఆవిరిగా పోయినట్టు తేలింది. ఐదింట నాలుగు వంతులు ద్రవమే!

రింగులు బాగున్నాయి, లీకు లేదు, వాల్వ్ సీళ్లు పోతే కనిపించే పొగ లేదు. ద్రవంగా పోవడానికి ఇక మిగిలిన పెద్ద దారి పీసీవీ, అంటే క్రాంక్‌కేస్ గ్యాసులను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే ఏర్పాటు. ఆ గ్యాసుల్లో ఉండే ఆయిల్ తుంపరను సెపరేటర్ పట్టి కిందికి దించాలి. లోపలి రబ్బరు డయాఫ్రం వాక్యూమ్‌ను అదుపులో ఉంచాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తే అంతా సరిగ్గానే ఉంది. 40 నిమిషాలు నడిపి వేడి మీద మానోమీటర్ పెడితే ఐడిల్‌లో వాక్యూమ్ ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ. విప్పి చూస్తే డయాఫ్రం అంచున వెంట్రుకంత చీలిక కనిపించింది. చల్లగా ఉంటే మూసుకుంటుంది, వేడెక్కితే తెరుచుకుంటుంది. హైవే మీద గంటల తరబడి అది తెరుచుకునే ఉంది.

వేడి మీద వాక్యూమ్ కొలవడం నేను మొదటి రోజే చేసి ఉండాల్సింది. ఇప్పుడు ఆయిల్ తాగుతోందని వచ్చే ప్రతి టర్బో ఇంజిన్‌కూ లీక్‌డౌన్ కంటే ముందు అదే చేస్తున్నాను.

రెండో విడత: సెపరేటర్ కొత్తది, ఆయిల్ పాతదే

అదే మొదటి ఆయిల్, అదే 3,800 గ్రాములు. మధ్యలో 500 గ్రాములు కలిపాం, 3,680 దించాం. పోయింది 620. సగానికన్నా తక్కువకు పడిపోయింది.

ఈసారి రీడింగుల్లో అసలు ఆవిరి ఆకారం కనిపించింది. మొదటి 2,000 కిలోమీటర్లలో 330 గ్రాములు, తర్వాతి 3,000లో 290. కాల్షియం 1,325 చూపించింది. లెక్కేస్తే ద్రవంగా 350, ఆవిరిగా 270 ప్రాంతం. ద్రవ నష్టం మూడో వంతు కంటే తక్కువకు దిగింది, ఆవిరి మాత్రం దాదాపు కదల్లేదు. అలాగే ఉండాలి కూడా. డయాఫ్రం మారిస్తే ఆయిల్ స్వభావం మారదు కదా.

ఇక మిగిలిన ఆవిరి సంగతి ఆయిల్‌తోనే తేల్చుకోవాలి.

ఆయిల్ లోపల ఏముంది

'సింథటిక్' అన్న మాట నుంచి ఆయిల్ లోపల ఏముందో తెలియదు. 1999లో అమెరికాలో నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్ ముందుకు మొబిల్, కాస్ట్రాల్ కంపెనీల వివాదం వచ్చింది. కాస్ట్రాల్ తన గ్రూప్ 3 ఆయిల్‌ను సింథటిక్ అని చెప్పుకోవడానికి తగిన ఆధారం ఉందని ఆ సంస్థ తేల్చింది. గ్రూప్ 3 అంటే ముడి చమురు నుంచి వచ్చినదాన్నే హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసి, విస్కాసిటీ ఇండెక్స్ (వేడికి మందం ఎంత తక్కువగా మారుతుందో చెప్పే సూచిక) 120 లేదా అంతకంటే పైకి తెచ్చిన బేస్ ఆయిల్, అంటే అడిటివ్‌లు కలపక ముందటి మూల ఆయిల్. గ్రూప్ 4 అంటే పీఏఓ, చిన్న అణువులను కలిపి కట్టిన ఆయిల్. సహజవాయువు నుంచి చేసే జీటీఎల్ బేస్ ఆయిల్ గ్రూప్ 3 కిందికే వస్తుంది. ఎస్టర్లు, ఆల్కైలేటెడ్ నాఫ్తలీన్ లాంటివి గ్రూప్ 5. డబ్బా మీద వీటిలో ఏది ఎంత ఉందో రాయరు.

సేఫ్టీ డేటా షీట్‌లో మాత్రం ఒక ఆధారం దొరుకుతుంది. ఒక్కో రసాయనానికీ విడిగా ఉండే సీఏఎస్ గుర్తింపు నంబర్లు చూడండి. 68037-01-4 ఉంటే పీఏఓ. 848301-69-9 ఉంటే జీటీఎల్. 64742-54-7 ఉంటే హైడ్రోజన్‌తో శుద్ధి చేసిన ముడి చమురు ఆయిల్. పక్కనే శాతం ఒక శ్రేణిగా ఇస్తారు, అది వెడల్పుగా ఉంటుంది. అందుకే దీన్ని సూచనగా తీసుకోవాలి గానీ ఫార్ములాగా చదవకూడదు.

పీఏఓ అంటే నోయాక్ తక్కువ అని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. 100 డిగ్రీల వద్ద మందం 4 సెంటీస్టోక్స్ (ఆయిల్ మందాన్ని కొలిచే యూనిట్) ఉండే పీఏఓ నోయాక్ 14 శాతం దగ్గర ఉంటుంది. మంచి గ్రూప్ 3లో అదే మందం ఉన్నదాని నోయాక్ కూడా 14, 15 దగ్గరే. పెద్ద తేడా లేదు! 6 సెంటీస్టోక్స్ దగ్గరికి వెళితే రెండూ 6, 7 శాతానికి దిగుతాయి. అంటే నోయాక్‌ను ముఖ్యంగా నిర్ణయించేది బేస్ ఆయిల్ మందం, అందులో తేలిక అణువులు ఎన్ని ఉన్నాయన్నది.

మరి పీఏఓ గొప్పతనం ఎక్కడ? చలిలో. 0డబ్ల్యూ గ్రేడు రావాలంటే మైనస్ 35 డిగ్రీల్లో క్రాంకింగ్ విస్కాసిటీ, అంటే చలిలో ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పటి మందం, 6,200 సెంటీపాయిజ్ దాటకూడదు. గ్రూప్ 3 ఆయిల్ ఆ చలిలో పీఏఓ కంటే బాగా చిక్కబడుతుంది. గ్రూప్ 3తో 0డబ్ల్యూ చేసే ఫార్ములేటర్ ఆ పరీక్ష దాటడానికి పల్చటి 4 సెంటీస్టోక్స్ బేస్‌నే ఎక్కువ వాడాలి, దాంతో నోయాక్ 13, 14కి ఎక్కుతుంది. పీఏఓ చేతిలో ఉన్నవాడు 6 సెంటీస్టోక్స్ బేస్‌ను ధారాళంగా కలిపినా చలి పరీక్ష దాటగలడు. తక్కువ నోయాక్ అతనికి అలా దక్కుతుంది. 5డబ్ల్యూ అయితే పరీక్ష మైనస్ 30 డిగ్రీల్లోనే, పరిమితి 6,600. అక్కడ ఊపిరి పీల్చుకునే చోటు అందరికీ ఉంటుంది. అందుకే ఒకే కంపెనీ నుంచి వచ్చే 0డబ్ల్యూ-30 కంటే 5డబ్ల్యూ-30 నోయాక్ తక్కువగా కనిపించడం మామూలు. ఈ ఒక్క విషయం అర్థమైతే డేటా షీట్ చదివే తీరే మారిపోతుంది.

పల్చటి బేస్‌తో మొదలుపెడితే ఇంకో ఖర్చు కూడా ఉంది. వేడిలో గ్రేడు నిలబడాలంటే విస్కాసిటీ ఇంప్రూవర్ పాలిమర్ ఎక్కువ కలపాలి. ఆ పొడవాటి అణువులు టైమింగ్ చైన్ దగ్గర, ఆయిల్ పంపులో తెగిపోతూ ఉంటాయి, ఆయిల్ మందం తగ్గుతుంది. వేడి భాగాల మీద మసి పేరుకోవడంలోనూ వాటికి వాటా ఉంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వులను కడిగే పెట్రోల్ ఉండదు కాబట్టి, పీసీవీ నుంచి వచ్చిన ఆయిల్ ఆవిరి, తుంపర అక్కడే కాలి గట్టిపడతాయి. ఆవిడ కారు వాల్వులను బోర్‌స్కోప్‌తో చూస్తే నల్లటి పొర బాగానే ఉంది. అందులో ఎక్కువ పాపం చీలిన డయాఫ్రందే అని నా అభిప్రాయం.

మొదటి ఆయిల్ షీట్‌లో దాదాపు అంతా గ్రూప్ 3. రెండో ఆయిల్‌గా ఎంచుకున్నదీ 0డబ్ల్యూ-20యే, కానీ పీఏఓ, జీటీఎల్ రెండూ ఉన్నాయి, ల్యాబ్‌లో నోయాక్ 9.6. మూడోది 5డబ్ల్యూ-30, ఏసీఈఏ సీ3, నోయాక్ 6.9, 150 డిగ్రీల దగ్గర హెచ్‌టీహెచ్‌ఎస్, అంటే ఎక్కువ వేడిలో, ఎక్కువ రాపిడిలో నిలిచే మందం, 3.5. ఈ ఇంజిన్ హ్యాండ్‌బుక్ రెండు గ్రేడులనూ అనుమతిస్తుంది. అనుమతించకపోయి ఉంటే మూడోదాని జోలికే వెళ్లేవాణ్ని కాదు. నోయాక్ ఎంత బాగున్నా హ్యాండ్‌బుక్ అడిగిన అనుమతి లేని ఆయిల్ ఎవరికీ పోయను.

మూడు, నాలుగు విడతలు

రెండో ఆయిల్‌తో 5,000 కిలోమీటర్లలో పోయింది 410 గ్రాములు. మొదటి ఆయిల్ కంటే 210 తక్కువ. తూకంలో ఉండే పొరపాటు కంటే ఇది చాలా పెద్దది, కాబట్టి ఈ తగ్గుదలను నమ్ముతాను. కాల్షియం ప్రకారం ఆవిరి వాటా 150 దగ్గరికి దిగినట్టు కనిపిస్తోంది. కాల్షియం పరీక్షలో రెండు శాతం తేడా వచ్చినా ఇక్కడ 70, 80 గ్రాములు మారిపోతాయి, అందుకే ఆ 150ని గట్టి సంఖ్యగా చెప్పను.

మూడో ఆయిల్‌తో పోయింది 350. నోయాక్ 9.6 నుంచి 6.9కి దిగినా అదనంగా మిగిలింది 60 గ్రాములే, అదీ 40 గ్రాముల పొరపాటు పక్కన. పైగా ఈసారి ఆయిల్ మందం కూడా మారింది కాబట్టి ఈ కొంచెం తేడాను నోయాక్ ఖాతాలో వేయలేను. 14 నుంచి 10కి రావడంలో కనిపించిన లాభం, 10 నుంచి 7కి రావడంలో ఈ ఇంజిన్‌లో నాకు కనిపించలేదు. ఆవిడకు రెండో ఆయిల్‌నే కొనసాగించమన్నాను. పల్చటి గ్రేడు కాబట్టి మైలేజీ నష్టం లేదు, నష్టం 1,000 కిలోమీటర్లకు 82 గ్రాములు. ఇక ఆయిల్ మార్పుల మధ్య టాప్-అప్ అవసరం రాదు. ఇంజిన్ విప్పలేదు.

తమ్ముడి కారు

రెండో విడత నడుస్తున్నప్పుడు, పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్న కారు ఒకటి కావాలనిపించి, తమ్ముడి కారు తీసుకురమ్మన్నాను. అతని ఇంటికీ ఆఫీసుకూ మధ్య మూడు కిలోమీటర్లు. రోజూ ఇలాంటి చిన్న ట్రిప్పులే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆగిపోతుంది.

"చూడండి సార్, ఫుల్ గీత మీదే ఉంది" అని డిప్‌స్టిక్ చూపించాడు. నిజమే. అదే మొదటి ఆయిల్ 3,800 గ్రాములు తూచి పోసి పంపాను. 5,000 కిలోమీటర్ల తర్వాత ఒక్క చుక్క కలపకుండానే 3,790 దిగింది. పది గ్రాముల తేడా! అక్క పక్కనే ఉన్నారు. "నేను చెప్పలేదా సార్" అన్నారు.

దించేటప్పుడే వాసన తేడాగా ఉంది. వేళ్ల మధ్య రుద్దితే పల్చగా జారిపోతోంది. శాంపిల్ రిపోర్టు రావడానికి నాలుగు రోజులు పట్టింది. 100 డిగ్రీల దగ్గర విస్కాసిటీ కొత్తప్పుడు 8.2, ఇప్పుడు 6.6. 20 గ్రేడుకు కనీసం 6.9 ఉండాలి. గ్యాస్ క్రొమటోగ్రఫీలో పెట్రోల్ 5.1 శాతం.

3,790 గ్రాముల్లో 5.1 శాతం అంటే 193 గ్రాముల పెట్రోల్. అసలు ఆయిల్ మిగిలింది 3,597. అంటే ఇక్కడా 200 గ్రాములకు పైగా ఆయిల్ పోయింది. పోయిన చోటును పెట్రోల్ నింపింది, డిప్‌స్టిక్‌కు ఆ తేడా తెలియదు. చుక్క తగ్గదని ఇద్దరూ మురిసిపోతున్న ఈ కారే నాకు అక్క కారు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. అక్క కారులో తక్కువైనా ఉన్నది మంచి ఆయిలే. ఇక్కడ బేరింగుల మధ్య తిరుగుతున్నది పల్చబడ్డ మిశ్రమం. పైగా సిలిండర్ గోడ మీద ఆయిల్, పెట్రోల్ కలిసిన చుక్కలు ఎల్‌ఎస్‌పీఐకి, అంటే తక్కువ వేగంలో ఎక్కువ లోడ్ పడినప్పుడు స్పార్క్ కంటే ముందే మంట రేగడానికి, ఒక కారణం. అది ఒక్కసారి గట్టిగా వచ్చినా పిస్టన్ విరగొచ్చు. ఈ సమస్యకు ఆయిల్ వైపు నుంచి పరీక్ష 2018లో అమెరికా ఏపీఐ సంస్థ ఇచ్చే ఎస్ఎన్ ప్లస్ ప్రమాణంతో వచ్చి, 2020లో ఎస్పీలో భాగమైంది. కాల్షియం డిటర్జెంట్ ఎక్కువైతే ఎల్‌ఎస్‌పీఐ పెరుగుతుందని, మెగ్నీషియం అలా చేయదని తేలాక చాలా ఫార్ములాల్లో కాల్షియం తగ్గించి మెగ్నీషియం కలుపుతున్నారు.

ఇతనికి నోయాక్ తక్కువ ఆయిల్ ఇస్తే సరిపోతుందా? సరిపోదు. ఇతని ఇంజిన్‌లో పోతున్న ఆయిల్ కంటే చేరుతున్న పెట్రోల్ పెద్ద సమస్య. అందుకే ఇతనికి మూడో ఆయిల్ ఎంచుకున్నాను, దాని 6.9 నోయాక్‌ను చూసి కాదు, పెట్రోల్ కలిసినా పొర నిలబడేలా హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5 ఉందని. కొనే ముందు ఆ డబ్బా మీద ఏపీఐ ఎస్పీ కూడా ఉందని చూసుకున్నాం. మార్పు గడువు కూడా సగానికి తగ్గించమన్నాను. అతనికి అది కొంచెం అసంతృప్తిగానే అనిపించింది. తక్కువ తిరిగే కారుకు ఎక్కువసార్లు ఆయిల్ మార్చమంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఫ్యుయల్ ప్రెషర్, ఇంజెక్టర్ల లీకు, థర్మోస్టాట్ కూడా చూశాను, వాటిలో దోషం లేదు. దోషం మూడు కిలోమీటర్ల ప్రయాణానిదే.

మూడో ఆయిల్‌తో 2,500 కిలోమీటర్ల దగ్గర తీసిన మొదటి శాంపిల్‌లో విస్కాసిటీ 11.9 నుంచి 10.2కి దిగింది, పెట్రోల్ 3.8 శాతం. 30 గ్రేడు కనిష్ఠం 9.3, దానికి పైనే ఉంది. ఇంకా తగ్గాలంటే ఆయిల్ బాగా వేడెక్కి, కలిసిన పెట్రోల్ ఆవిరై పీసీవీ ద్వారా బయటికి పోవాలి. దానికి వారానికి ఒక్కసారైనా ముప్పావుగంట ఆగకుండా నడపమన్నాను. తీరిక లేదన్నాడు. దారి అక్కే చెప్పారు: వారంలో ఒక రోజు ఇద్దరూ కార్లు మార్చుకుంటారు, ఆ రోజు తమ్ముడి కారు హైవే ఎక్కుతుంది. అలా మొదలుపెట్టి 2,500 కిలోమీటర్లు అయ్యాక తీసిన శాంపిల్‌లో పెట్రోల్ 2.1 శాతం, విస్కాసిటీ 10.9 వచ్చాయి. డిప్‌స్టిక్ మీద లెవెల్ మొదటిసారి ఫుల్ గీతకు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగింది. కంగారుపడి ఫోన్ చేశాడు. అలా దిగడమే మంచిదని, టాప్-అప్ చేయొద్దని చెప్పాను.